ఉద్దానం మాటను చెవికి వదిలేయకండి, లెక్కించండి

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం,
ఎచ్చెర్ల, శ్రీకాకుళం జిల్లా.

ఆర్యా,

పలాస, టెక్కలి ప్రాంతాల్లోను, ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా సముద్రం వెంట సాగే ఉద్దానంలోను జనం మాట్లాడుకునే తెలుగు మీద ఒక సమగ్రమైన సర్వే జరపాలని మీ విశ్వవిద్యాలయాన్ని బహిరంగంగా అభ్యర్థిస్తున్నాను. ఊరూరా ఒకే ప్రశ్నావళితో మాటలు సేకరించాలి. ఎవరు ఏ మాట ఎంత తరచుగా అంటున్నారో లెక్కగట్టాలి. ఆ లెక్కలను గణాంక పద్ధతుల్లో పరీక్షించి, పటాలుగా గీసి జనం చేతికి ఇవ్వాలి. 2008లో ఏర్పడిన మీ విశ్వవిద్యాలయం ఈ జిల్లా కోసం పుట్టిన సంస్థ. ఇక్కడి డిగ్రీ కళాశాలలు మీకే అనుబంధం. ఈ పనికి అంతకంటే తగిన చిరునామా మరొకటి లేదు. ‘శ్రీకాకుళం యాస’ అన్న మాట సినిమాల్లో, టీవీల్లో, సభల్లో అందరూ వాడతారు. ఆ యాస జిల్లా అంతటా ఒకటేనా, కాకపోతే ఎక్కడ మారుతుంది, ఎవరి నోట మారుతుంది అని అడిగితే మాత్రం చెవిన పడ్డ నాలుగు మాటలు తప్ప వేరే ఆధారం చూపలేరు. ఒక ప్రాంతపు భాష మీద తీర్పు చెప్పడానికి ఆ ఆధారం చాలదు, లెక్క కావాలి అన్నదే ఈ లేఖలో నా వాదన.

ఈ దారిలో మనకు గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లా జిల్లాల రైతుల నోట వ్యవసాయపు మాటలు సేకరింపజేసి, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ద్వారా మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం తెచ్చారు. చేనేత మాటల సంపుటం 1971లో వచ్చింది. ఏ మాట ఏ జిల్లాలో ఉందో పటం మీద పెట్టి చూసి, ఆయన తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. తెలంగాణ ఉత్తర మండలం, రాయలసీమ వైపు దక్షిణ మండలం, కృష్ణా గోదావరి జిల్లాల వైపు మధ్య మండలం, శ్రీకాకుళం విశాఖపట్నం జిల్లాలు పూర్వ మండలం. మాండలికాల గురించి మనం ఈనాటికీ చెప్పుకునే మాటలకు ఆ పనే మూలం. అయితే అది రాష్ట్రమంతటినీ ఒక్క చూపులో పట్టుకోవడానికి చేసిన పని. ఒక జిల్లా లోపల మందసకూ భావనపాడుకూ తేడా ఏమిటో చెప్పడం దాని ఉద్దేశం కాదు. పైగా అది ఏ మాట ఎక్కడ ఉందో చెబుతుంది కాని, అక్కడ నూటికి ఎందరు ఆ మాట అంటారో చెప్పదు. ఆ సంపుటం వచ్చి అరవై ఏళ్లు దాటింది. ఈలోగా రెండు తరాలు బడికి వెళ్లాయి, లక్షలాది మంది వలస పోయారు, ప్రతి ఇంట్లోకీ టీవీ, ప్రతి చేతికీ ఫోను వచ్చాయి. పునాది మీద గోడ లేపాల్సిన సమయం ఎప్పుడో వచ్చింది.

చెవి ఎక్కడ పొరపడుతుందో రెండు ఉదాహరణలతో చెబుతాను. శ్రీకాకుళం మనిషిని అనుకరించబోయే ప్రతివాడూ మొదట అనే మాట ‘సేసినాడు’. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ‘చేశాడు’ బదులు ‘చేసినాడు’ అనే భూతకాల రూపం. ఇది ఒక్క ఉత్తరాంధ్రది కాదు. రాయలసీమలో ‘చేసినాడు’ అంటారు, తెలంగాణలో ‘చేసిండు’ అంటారు. తెలుగు నేలకు మూడు అంచుల్లోనూ ‘న’కారమో దాని జాడో నిలిచి ఉంది, మధ్య కోస్తాలో అది కుదించుకుపోయి ‘చేశాడు’ అయింది. ఆ కుదించిన రూపం పాఠ్యపుస్తకాలకు ఎక్కింది గనుక మిగిలిన మూడు అంచులూ యాసలైపోయాయి. రెండోది, ‘చ’ బదులు ‘స’ పలకడం. ‘సెప్పు’, ‘సెయ్యి’, ‘సేను’ అనే పలుకు బడికి దూరంగా ఉన్న శ్రామిక కులాల నోట గోదావరి జిల్లాల్లోనూ, తెలంగాణలోనూ వినిపిస్తుంది. అంటే అది ప్రాంతం కంటే చదువుకూ, బతుకుతెరువుకూ దగ్గరగా ముడిపడిన గుర్తు. వినేవాడి చెవికి ఈ రెండూ కలిసి ‘శ్రీకాకుళం’ అని వినబడతాయి. ప్రాంతం వల్ల వచ్చిన తేడా ఎంత, కులం చదువు వయసుల వల్ల వచ్చిన తేడా ఎంత అని విడదీసి చూపే శక్తి చెవికి లేదు. ఒకే ఊళ్లో చదువుకున్నవారినీ చదువుకోనివారినీ, ఒకే చదువున్న వేర్వేరు ఊళ్లవారినీ పక్కపక్కన పెట్టి లెక్క చూస్తేనే ఆ రెండూ విడిపోతాయి.

ఇంకో చిక్కుంది. మాండలికానికి హద్దు గీయాలంటే ఏ మాటను పట్టుకుని గీయాలి? వాగును ఇక్కడ ‘గెడ్డ’ అంటాం. రాయలసీమలో ‘వంక’ అంటారు. ఈ ‘గెడ్డ’ ఉత్తరాంధ్ర దాటితే పెద్దగా వినిపించదు. రాగులను ఇక్కడ ‘చోళ్లు’ అంటాం, తెలంగాణలో ‘తైదలు’ అంటారు. అయితే ‘చోళ్లు’ గోదావరి జిల్లాల్లోనూ ఉన్నాయి. అక్కను ‘అప్ప’ అనడం ఉత్తరాంధ్ర ఇళ్లలో మామూలు. అదే ‘అప్ప’ రాయలసీమలో తండ్రికి వాడతారు. వ్యవసాయ కూలీని ‘కంబారి’ అనడం, సజ్జలను ‘గంటెలు’ అనడం, పిల్లాణ్ని ‘గుంటడు’ అనడం, ‘ఏమిటి’ని ‘ఏటి’ అనడం, వీటిలో ఒక్కొక్కదాని పొలిమేర ఒక్కోచోట ఆగుతుంది. ఏ మాట ఎంచుకుంటే ఆ హద్దు వస్తుంది. హద్దు మనం గీసిందా, జనం మాట్లాడిందా అనేది తేలకుండా పోతుంది. అందుకే ఒక మాట మీదో పది మాటల మీదో ఆధారపడకుండా, నూటయాభై అంశాలను ఒక్కసారిగా తూకం వేసే పద్ధతులు పుట్టాయి. ఫ్రాన్సులో జాన్ సెగీ 1970ల మొదట్లో గాస్కనీ మాండలిక పటాలను తీసుకుని, ఏ రెండు ఊళ్ల మధ్య ఎన్ని మాటలు వేరవుతున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కనే భాషా దూరం అన్నారు. ఊళ్ల మధ్య నేల దూరం పెరిగే కొద్దీ మాటల తేడా మొదట వేగంగా పెరిగి, పోనుపోను ఆ వేగం తగ్గుతుందని ఆయన చూపారు. ఆ గీతకు దూరంగా పడిన ఊళ్లే అసలు ఆసక్తికరమైనవి. పక్కపక్కన ఉండీ మాటలో దూరమైన ఊళ్లు, దూరంగా ఉండీ మాటలో దగ్గరైన ఊళ్లు ఏవో అవి చెబుతాయి.

పలుకుల తేడానూ ఇలాగే కొలవవచ్చు. సోవియట్ గణితవేత్త లెవెన్‌ష్టైన్ 1965లో రెండు వరుసల మధ్య దూరం కొలిచే ఉపాయం చెప్పారు. ఒక వరుసను మరో వరుసగా మార్చడానికి ఎన్ని ధ్వనులు మార్చాలి, ఎన్ని చేర్చాలి, ఎన్ని తీసేయాలి అని లెక్కపెట్టడమే ఆ ఉపాయం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పరిశోధకులు దీన్ని మాండలికాల మీద విస్తృతంగా వాడారు. మన మాటతోనే చూద్దాం. ‘చేశాడు’లో చ్, ఏ, శ్, ఆ, డ్, ఉ అని ఆరు ధ్వనులు. ‘సేసినాడు’లో స్, ఏ, స్, ఇ, న్, ఆ, డ్, ఉ అని ఎనిమిది. మొదటిదాన్ని రెండోదిగా మార్చాలంటే ‘చ్’ను ‘స్’ చేయాలి, ‘శ్’ను ‘స్’ చేయాలి, ‘ఇ’ని, ‘న్’ను కొత్తగా చేర్చాలి. మొత్తం నాలుగు మార్పులు, ఎనిమిది స్థానాలు. దూరం సరిగ్గా సగం. అదే ‘చేసినాడు’, ‘సేసినాడు’ల మధ్య మారేది ఒక్క ధ్వని, దూరం ఎనిమిదో వంతు. అంటే బడి చదువు ఉన్న టెక్కలి మనిషి ‘చేసినాడు’ అన్నా, చదువు లేని మత్స్యకారుడు ‘సేసినాడు’ అన్నా, ఆ ఇద్దరి మధ్య దూరం కంటే వారిలో ఎవరికైనా పాఠ్యపుస్తకానికి ఉన్న దూరమే ఎక్కువ. ఒక్క మాట మీద ఇది ఆటలా కనిపించవచ్చు. నూటయాభై మాటల మీద, నూరు ఊళ్ల మీద కూడితే ఎవరు ఎవరికి దగ్గరో తెలిపే పటం వస్తుంది.

ఈ కొలతకు మన నేల ఎందుకు తగినదో చెప్పాలి. పలాస, టెక్కలి ప్రాంతంలో కొద్ది దూరంలోనే భాషను మార్చగల కారణాలు ఎన్నో ఒకచోట ఉన్నాయి. ఒక పక్క సముద్రం, వేట మీద బతికే ఊళ్లు. వాటి వెనక కొబ్బరి, జీడి తోటల ఉద్దానం. దాని వెనక రైలు మార్గం, జాతీయ రహదారి, పలాస కాశీబుగ్గ జీడి పరిశ్రమ. ఆ వెనక మహేంద్రగిరి వైపు మందస ఏజెన్సీ, సవర గిరిజనుల ఊళ్లు. ఉత్తరాన ఒడిశా సరిహద్దు, రెండు భాషలూ మాట్లాడే కుటుంబాలు, ఒడియా మాధ్యమం బడులు. ఊరి పేర్లే చూడండి. కవిటి వైపు బల్లిపుట్టుగ, కపాసుకుద్ది లాంటి పేర్లు. దక్షిణానికి వచ్చే కొద్దీ ‘వలస’, ‘పేట’ అని ముగిసే పేర్లు. ఊరి పేర్ల హద్దూ, మాటల హద్దూ ఒకచోటే నడుస్తాయా? ఇది ఊహతో తేలే ప్రశ్న కాదు, రెండు పటాలు ఒకదాని మీద ఒకటి పెడితే తేలే ప్రశ్న. అలాగే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా రెండుగా చీలింది. పర్లాకిమిడి అటు పోయింది, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ఇటు మిగిలాయి. సరిహద్దుకు ఇరువైపులా తెలుగు మాట్లాడేవారు ఉన్నారు. దాదాపు తొంభై ఏళ్లుగా ఒకవైపు పిల్లలు ఒక రాష్ట్రపు బడిలో, మరోవైపు పిల్లలు మరో రాష్ట్రపు బడిలో చదివారు. ఆ గీత వాళ్ల తెలుగులో ఎంత కనిపిస్తుంది? డచ్, జర్మన్ సరిహద్దులోని బెంట్‌హైమ్ ప్రాంతంలో గ్రోనింగెన్ పరిశోధకులు ఇలాంటి ప్రశ్ననే లెక్కలతో పరీక్షించారు. నార్వేలో షార్లట్ గూస్కెన్స్ మాండలికాల దూరాన్ని నేటి కిలోమీటర్లతోనూ, 1900 నాటి ప్రయాణ కాలంతోనూ పోల్చితే, పాత ప్రయాణ కాలమే తేడాలను బాగా వివరించింది. ఇసుక దారులూ, గెడ్డలూ, బీల అనే చిత్తడి నేలలూ ఊరికీ ఊరికీ మధ్య ఎన్నాళ్లు అడ్డంగా నిలిచాయో ఎరిగిన ఉద్దానానికి ఆ ప్రశ్న సరిగ్గా అతుకుతుంది.

లెక్క అంటే పటం గీసి రంగులు వేయడం మాత్రమే కాదు. తన పటాన్ని తానే అనుమానించడం. ఒక ఊళ్లో సగం మంది ‘ఏటి’ అని, సగం మంది ‘ఏంటి’ అని అంటారనుకుందాం. ముగ్గురినే అడిగితే ఆ ముగ్గురూ ‘ఏటి’ అనే అవకాశం ఎనిమిదిలో ఒకటి. అంటే ఎనిమిది ఊళ్లకు ఒక ఊరు, అసలు సగం సగమే అయినా, పూర్తిగా ‘ఏటి’ ఊరుగా పటంలో పడిపోతుంది. పదిమందిని అడిగితే ఆ ప్రమాదం 1,024లో ఒకటికి తగ్గుతుంది. ఎందరిని అడగాలన్నది మన ఓపికను బట్టి కాక, ఈ లెక్కను బట్టి నిర్ణయం కావాలి. ఇక పటంలో ఒక మాట వాడే ఊళ్లు ఒకవైపు గుమిగూడినట్టు కనిపించినా, అది యాదృచ్ఛికం కావచ్చు. అందుకు పరీక్ష ఉంది. ఊళ్ల జవాబులను కంప్యూటరులో వెయ్యిసార్లు కలగలిపి, వెయ్యి పటాలు గీయించి, అసలు పటంలోని గుంపు అంత గట్టి గుంపు ఆ వెయ్యిలో ఎన్నిసార్లు వచ్చిందో చూడాలి. చాలాసార్లు వస్తే మన హద్దు భ్రమ. మరో జాగ్రత్త కూడా ఉంది. ఏ ప్రాంతీయ తేడా లేని నూరు మాటలను నూటికి అయిదు తప్పులు ఒప్పుకునే పరీక్షకు పెడితే, సుమారు అయిదు మాటలు వట్టి యాదృచ్ఛికంగానే తేడా ఉన్నట్టు తేలతాయి. వాటినే ఏరుకుని వ్యాసం రాస్తే పాఠకుణ్ని మోసగించినట్టే. చెవితో చేసే వర్ణనకు ఇలాంటి ఆత్మపరీక్ష లేదు. తప్పు చేస్తే తప్పని చెప్పే దారి దానికి లేదు.

ఎవరిని అడగాలన్నది ఎందరిని అడగాలన్నంత ముఖ్యం. ఐరోపాలో మాండలిక పరిశోధన చాలాకాలం ఊరు కదలని ముసలి రైతులనే అడిగింది. ఉద్దానంలో ఆ పద్ధతి పనికిరాదు. ఇక్కడ మగవాళ్లు వలస వెళతారు. గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనిచేసే మత్స్యకారుల్లో ఉత్తరాంధ్ర వారు ఉన్నారు. 2018లో పాకిస్తాన్ పట్టుకుపోగా 2020 జనవరిలో విడుదలైన వారిలో మన జిల్లా వారూ ఉన్నారు. పూరీ తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. ఇంటి దగ్గర ఉండి ఊరి మాటను నడిపిస్తున్నది ఎక్కువగా ఆడవాళ్లు. పలాస జీడి కార్ఖానాల్లో పిక్క కొట్టి, పప్పు తీసి, పొర వలిచి, రకాలుగా వేరుచేసేది వాళ్లే. ఆ పని మాటలు వాళ్ల నోటే బతికి ఉన్నాయి. కాబట్టి సర్వేలో ఆడ, మగ సమానంగా ఉండాలి. ముప్పై లోపువారు, నడివయసువారు, అరవై దాటినవారు అని మూడు వయసులు ఉండాలి. ఒక్కో కలయికకు ఇద్దరు చొప్పున ఊరికి పన్నెండు మంది, నూరు ఊళ్లకు 1,200 మంది. ఒక్కొక్కరికి నూటయాభై ప్రశ్నలైతే 1,80,000 జవాబులు. ఇంకో సంగతి. మనిషి ఒక్కలాగే మాట్లాడడు. 1962లో విలియం లాబోవ్ న్యూయార్కులోని మూడు దుకాణాల సిబ్బందిని ఒకే ప్రశ్న అడిగి ‘ర’ ధ్వని పలుకుతున్నారో లేదో లెక్కపెట్టారు. ఖరీదైన దుకాణంలో అది ఎక్కువ వినబడింది, చవక దుకాణంలో తక్కువ. మరోసారి చెప్పమంటే చాలామంది దాన్ని మరింత జాగ్రత్తగా పలికారు. తహసీల్దారు ఆఫీసులో ‘చేశానండి’ అనే మనిషి కల్లంలో ‘సేసినాను’ అంటాడు. ప్రశ్నావళికి ఇచ్చిన జవాబులతో పాటు మామూలు మాటల ముచ్చట కూడా రికార్డు చేస్తేనే ఈ రెండు పలుకులూ దొరుకుతాయి.

భాష సంస్కృతి, దాన్ని అంకెల్లో పెడితే ప్రాణం పోతుంది అని కొందరు పెద్దలు అంటారు. ఆ ఆందోళన నాకు అర్థమవుతుంది. కాని ఈ నేల చరిత్ర వేరేగా చెబుతోంది. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. వ్యావహారిక భాష కోసం వాదించినప్పుడు ఆయన గెలిచింది సాక్ష్యంతో. పండితులు తప్పన్న ప్రయోగాలు పూర్వ గ్రంథాల్లో ఉన్నాయని ఉదాహరణలు కుప్ప పోశారు. లెక్క ఆ సాక్ష్యానికి కొనసాగింపే. కృష్ణమూర్తి గారు సైతం 1983లో స్టాన్‌ఫర్డ్ గణాంకవేత్త లింకన్ మోజెస్‌, డగ్లస్ డాన్‌ఫర్త్‌లతో కలిసి, కువి, కొండ, పెంగో వంటి మన పక్క కొండల భాషల చుట్టరికాన్ని, మారకుండా మిగిలిన మాటల లెక్కతో తేల్చే ప్రయత్నం చేశారు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు గారు గణాంకవేత్త మహలనోబిస్‌తో కలిసి 1949లో జనసమూహాల శరీర కొలతల అధ్యయనం ప్రచురించారు. అక్కడ వాడిన దూరపు కొలత, ఒకదానితో ఒకటి ముడిపడిన లక్షణాలను రెండుసార్లు లెక్కించకుండా కాపాడుతుంది. భాషకూ ఆ పాఠం కావాలి. ‘సెప్పు’, ‘సెయ్యి’, ‘సేను’ అనేవి మూడు తేడాలు కావు, ఒకే తేడా మూడుచోట్ల కనిపించడం. గురజాడ, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు గార్ల చెవి ఈ భాషను సాహిత్యంలో నిలిపింది. సాహిత్యానికి ఆ చెవి చాలు. బడికీ, ఆసుపత్రికీ, ప్రభుత్వానికీ లెక్క కూడా కావాలి.

మాండలిక హద్దులు గీస్తే ప్రాంతాలనూ, కులాలనూ, తెలుగు ఒడియాలనూ విడదీసినట్టు అవుతుందన్నది మరో భయం. నిజానికి విడదీసేది అరకొర సమాచారమే. లెక్క చేసే పని ఎక్కువసార్లు దీనికి విరుద్ధంగా ఉంటుంది. ఇక్కడి నుంచి ఇది, అక్కడి నుంచి అది అనే గీత చెరిగి, డెబ్భై శాతం, యాభై శాతం, ముప్పై శాతం అనే క్రమం కనిపిస్తుంది. ఒక మాట ఎవరి సొత్తూ కాదని, అందరి నోటా ఎక్కువో తక్కువో ఉందని తేలుతుంది. 2011 జనగణన 8,11,27,740 మందిని ‘తెలుగు’ అనే ఒక్క పేరు కింద లెక్కించింది. ఆ ఒక్క అంకె మన ఏకత్వానికి గుర్తు సరే, కాని దాని లోపలి బతుకు గురించి అది ఏమీ చెప్పదు. లోపలి వైవిధ్యాన్ని చూపితే ఆ ఏకత్వం బలహీనపడదు.

ప్రామాణిక భాష వస్తే పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి, పోతున్న యాసను లెక్కించి ఏం సాధిస్తారని అడిగేవారూ ఉన్నారు. పిల్లలకు ప్రామాణిక భాష నేర్పాలి, సందేహం లేదు. కాని పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న రూపం ఏదో ఉపాధ్యాయుడికి తెలిస్తే, ‘సేసినాడు’ను తెలివితక్కువతనంగా కాక ఒక క్రమబద్ధమైన రూపంగా చూసి, పక్కన ‘చేశాడు’ నేర్పగలడు. ఆసుపత్రి సంగతి ఇంకా బరువైనది. ఉద్దానం కిడ్నీ వ్యాధి మీద పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వాపును, నీరసాన్ని, మూత్రపు మార్పును, నొప్పిని రోగి ఏ మాటతో చెబుతాడో, ఆ మాట ఊరికి ఊరికి ఎలా మారుతుందో తెలియకుండా వేసిన ప్రశ్నకు వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మగలం? ఇక యంత్రాల సంగతి. కేంద్రం 2022లో భాషిణి ప్రారంభించింది, రాష్ట్రం 2025 జనవరిలో వాట్సాప్‌లో మన మిత్ర సేవలు తెచ్చింది. రేపు పింఛను అర్జీ కూడా నోటితో చెప్పే రోజు వస్తుంది. పత్రికల తెలుగు, నగరపు తెలుగు మాత్రమే విని పెరిగిన యంత్రానికి వజ్రపుకొత్తూరు అవ్వ మాట అర్థం కాకపోతే, సేవ అందనిది ఆ అవ్వకే. ఉద్దానం ప్రజలకు లెక్క విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఏ ఊళ్లో ఎంత ఉందో రక్తం పరీక్షించి ఊరూరా పోల్చాకే ఆ బాధ దేశం దృష్టికి వెళ్లింది. వినికిడి మీద వదిలేస్తే ఆ జబ్బు పుకారుగానే మిగిలేది. మాట విషయంలోనూ అంతే.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. 1876లో జర్మనీలో గేయార్గ్ వెంకర్ నలభై రెండు వాక్యాలు అచ్చువేసి బడిపంతుళ్లకు తపాలాలో పంపి జవాబులు తెప్పించుకున్నాడు. ఫ్రాన్సులో 1897 నుంచి 1901 దాకా ఎడ్మాంట్ అనే ఒక్క మనిషి సైకిలు మీద 639 చోట్ల తిరిగి మాటలు రాసుకొచ్చాడు. మన విద్యార్థుల చేతుల్లో రికార్డు చేసే ఫోన్లు ఉన్నాయి. పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు డిగ్రీ విద్యార్థులు సొంత ఊళ్లలోనే, సొంత మాటలోనే అడగగలరు. శిక్షణ ఇచ్చి, ఆ పనికి మార్కులు ఇస్తే చాలు. గణాంకాలు చదివే పిల్లలు, తెలుగు చదివే పిల్లలు ఒకే బల్ల ముందు కూర్చుంటే రెండు చదువులకూ మేలు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథానిలయంలోని కథలు, పాత పత్రికలు ఈ నేల మాట కాలక్రమంలో ఎలా రాతకెక్కిందో పోల్చి చూడడానికి సిద్ధంగా ఉన్నాయి. విశ్లేషణకు కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టండి. ఈ ప్రాంతం సర్వేలకు కొత్త కాదు. తుపాను నష్టమైనా, జబ్బయినా, భూసేకరణైనా ముందు వచ్చేది కాగితాలు పట్టుకున్న మనుషులే. 2018 అక్టోబరు తిత్లీ తుపాను తరవాత కూలిన కొబ్బరి చెట్లను లెక్కపెట్టించుకున్న రైతుకు, ఇప్పుడు మాటలెందుకు లెక్కపెడుతున్నారో ఓపికగా చెప్పాలి. అనుమతి తీసుకోకుండా ఒక్క గొంతూ రికార్డు చేయకూడదు. పేర్లు బయట పెట్టకూడదు. లెక్కలు, పటాలు విశ్వవిద్యాలయం బీరువాలో ఉండిపోకుండా తెలుగులో అచ్చయి, మాట ఇచ్చిన ప్రతి ఊరి బడికీ, పంచాయతీకీ చేరాలి. ఆ పటం చూసి ఊరివాళ్లు ‘ఇది తప్పు, మేమలా అనం’ అంటే దాన్నీ రాసుకుని మళ్లీ పరీక్షించాలి. సవర, ఒడియా ఇళ్లలో వినిపించే తెలుగును చెడిపోయిన తెలుగుగా కాక, ఈ ప్రాంతపు తెలుగుగానే లెక్కించాలి.

ఏటా ఆగస్టు 29న గిడుగు వారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. విగ్రహానికి దండ వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం, మరుసటి రోజు ఎవరి పని వారిది. రాబోయే ఆగస్టు 29న మీ విశ్వవిద్యాలయం ఈ సర్వేకు సంఘాన్ని నియమించి, నూరు ఊళ్ల జాబితానూ ప్రశ్నావళినీ ప్రకటించాలని కోరుతున్నాను. అరవై దాటినవారి మాట ఇంకో పదేళ్లు వాయిదా వేస్తే, అడగడానికి వాళ్లు ఉండరు. దయచేసి ఈ ఏడే మొదలుపెట్టండి.

ఇట్లు,
పలాస ప్రాంతపు ఒక తెలుగు పాఠకుడు